మాట మప్పిన వేసవి

నరసరావుపేట నుంచి వియ్యంకుడు పుల్లారావు వచ్చిన రోజున వెంకాయమ్మ పరువు పోయింది. ఆయన కాళ్లు కడుక్కుని అరుగు మీద చేరగిలబడి, పోయిన కూతురి పోలికలు వెతుక్కుంటూ మనవణ్ణి ఒళ్లోకి తీసుకున్నాడు. రెండున్నరేళ్ల మస్తాన్‌రావు తాతగారి మీసం పట్టుకుని ఒకసారి లాగాడు. తర్వాత ఆయన చేతిలో ఉన్న మంచినీళ్ల చెంబు వంక చూసి, "పానీ దేవ్" అన్నాడు.

పుల్లారావు నవ్వాడు. అంతటితో పోతే బాగానే ఉండేది. పిల్లవాడు ఒళ్లోంచి జారి, "అమ్మీ, అమ్మీ" అంటూ దొడ్లోకి పరుగెత్తి జీనత్ కుచ్చిళ్లలో మొహం దాచుకున్నాడు. ఆ పిలుపు విన్నాక ఆయన నవ్వు ఆగిపోయింది.

జీనత్ మాచర్లలో గిన్నెలకు కళాయి పోసే ఇమాం సాహెబ్ కోడలు. మస్తాన్‌రావు పుట్టిన మూడోనాడే తల్లి పోయింది. ఆ వారంలో ఊళ్లో పాలున్న బాలింత మరొకతె లేదు. ఆవుపాలు పడితే బిడ్డ కక్కేశాడు. కళాయి పొయ్యడానికి వచ్చి పెరట్లో కొలిమి పెట్టుకున్న ఇమాం సాహెబ్ సంగతి విని, తన కొడుకు మిలిటరీ లారీ తోలడానికి బర్మా వైపు పోయాడనీ, కోడలికి పుట్టిన బిడ్డ దక్కలేదనీ, ఆమెను పంపిస్తాననీ అన్నాడు. వెంకాయమ్మ ఆ రోజు కులం అడగలేదు, మతం అడగలేదు. ఇద్దరు పిల్లలు పుట్టి పోయాక దర్గాలో మొక్కుకుంటే నిలిచినవాడు, దర్గా పేరే పెట్టుకున్నవాడు, ఎవరి పాలైతేనేమని తనే నలుగురికీ సర్దిచెప్పింది. బిడ్డ బతికాడు. బతికి, ఒళ్లు చేసి, మాటలు నేర్చాడు. ఆ మాటలు జీనత్ మాటలు.

పుల్లారావు భోజనం చేసి, వక్క నోట్లో వేసుకుని, చెప్పదలచింది నెమ్మదిగా చెప్పాడు. దసరాకి అక్షరాభ్యాసానికి వస్తాడట. పంతులు అనిపించిన మాట పిల్లవాడు తెలుగులో అనాలట. అనకపోతే తన వెంట తీసుకుపోయి, తన భార్య చేత పెంచుకుంటాడట. తల్లి లేని బిడ్డ మీద తమకూ హక్కు ఉందన్నాడు.

వెంకాయమ్మకు మొగుడు లేడు. ఒక్కడే కొడుకు, ఆ కొడుక్కి ఒక్కడే కొడుకు. పెళ్లాం పోయాక మళ్లీ పెళ్లి మాటెత్తితే కొడుకు లేచి వెళ్లిపోతున్నాడు. ఈ పిల్లవాడు కూడా పోతే ఇంత ఇంట్లో తను ఎవరి కోసం దీపం పెట్టాలి? అయినా వియ్యంకుడి ముందు తగ్గడం ఆమెకు చేతకాదు.

"దసరా దాకా ఎందుకన్నయ్యా? వానలు పడకముందే పద్యం చెప్పిస్తా. చెప్పకపోతే నువ్వే తీసుకుపో" అంది.

"మాట ఇచ్చావు చెల్లెమ్మా" అన్నాడు ఆయన.

కొడుకు గోపాలకృష్ణయ్య మాచర్లలో మాస్టరు, ఎండాకాలం సెలవులకు ఇంటికి వచ్చి ఉన్నాడు. ట్రైనింగు కాలేజీలో చదివినప్పటి లావుపాటి పుస్తకం ఒకటి పెట్టెలోంచి తీసి, తల్లిని కూర్చోబెట్టి చెప్పాడు. దొరల దేశంలో ఒకాయన కుక్కకు గంట కొట్టి అన్నం పెట్టాడట. కొన్నాళ్లకు అన్నం లేకపోయినా గంట కొడితే కుక్కకు నోరూరిందట. పిల్లలైనా అంతేనని ఆ పుస్తకం రాసినవాళ్లు తేల్చారట.

"మాట పుట్టుకతో వచ్చేది కాదమ్మా. వట్టి అలవాటు. అన్నప్పుడల్లా పెడితే అంటాడు. అన్నా పెట్టకపోతే మానేస్తాడు."

"కోడెను కాడికి మప్పినట్టు."

"అచ్చం అదే."

వెంకాయమ్మకు అది బాగా నచ్చింది. మొగుడు పోయిన ఏడాది రెండు కోడెల్ని తనే దగ్గరుండి మప్పింది. మెడ వంచిందాకా తొట్లో గడ్డి వెయ్యనివ్వలేదు. నాలుగో రోజుకి వాటంతట అవే వచ్చి మెడ పెట్టాయి. ఈ మాత్రం దానికి రెండేళ్లు చదవాలా అని కొడుకుని వెక్కిరించింది. ఆ వెక్కిరింతలో సంతోషమే ఎక్కువగా ఉంది. చాలా రోజుల తర్వాత కొడుకు ఆమెతో కూర్చుని ఒక పని గురించి మాట్లాడాడు.

మర్నాటి నుంచి పని మొదలైంది. రోహిణి కార్తె. దుర్గి వైపు నుంచి వీచే గాలికి బండల మీద అడుగు పెట్టడానికి లేదు. పిల్లవాడికి దాహం వేసేదాకా ఆగి, వెంకాయమ్మ గ్లాసు నిండా కుండలో నీళ్లు ముంచుకుని వాడి ముందు కూర్చునేది. వాడు "పానీ" అనగానే గ్లాసు వంచి, వాడు చూస్తుండగా నీళ్లు నేల మీద పారబోసేది. మళ్లీ ముంచుకుని వచ్చి, "నీళ్లు అను. అంటేనే ఇస్తా" అనేది. పక్కన బల్ల మీద గోపాలకృష్ణయ్య నోటుబుక్కు తెరిచి, ఎన్నిసార్లు ఏ మాట అన్నాడో గీతలు గీసేవాడు.

మొదటి రోజు మస్తాన్‌రావు ఆట అనుకున్నాడు. నీళ్లు ఒలికితే చప్పట్లు కొట్టాడు. నాలుగో గ్లాసుకి ఏడుపు అందుకున్నాడు. ఏడిచి ఏడిచి, తడి నేల మీద బోర్లా పడుకుని నాలుకతో నాకాడు. అది చూసి గోపాలకృష్ణయ్య లేవబోయాడు. వెంకాయమ్మ కళ్లతోనే కూర్చోమంది. ఆ సాయంత్రానికి వాడు "నీ" అన్నాడు. ఆ ఒక్క అక్షరానికే ఆమె గ్లాసు నోటికి అందించింది, బెల్లం ముక్క చేతిలో పెట్టింది, వాణ్ణి ఎత్తుకుని వీధంతా తిరిగి వచ్చింది.

వారం గడిచింది. "నీ" అన్న మాట "నీళ్లు" కాలేదు సరికదా, "పానీ" ఏమాత్రం తగ్గలేదు. నోటుబుక్కులో గీతలు అలాగే ఉన్నాయి. గోపాలకృష్ణయ్య పుస్తకం తిరగేసి, ఇట్లా అయ్యిందంటే ఎక్కడో ఎవరో ఆ మాటకు నీళ్లు ఇస్తున్నారన్నాడు. పదిసార్లు ఎండగట్టినా ఒక్కసారి దొరికితే చాలట, ఆ మాట మునుపటికంటే గట్టిపడుతుందట.

ఎవరో వెంకాయమ్మకు తెలుసు. మధ్యాహ్నం పడుకున్నట్టు నటించి, చప్పుడు కాకుండా దొడ్లోకి వెళ్లింది. పశువుల గాబు వెనక జీనత్ కూర్చుని ఉంది. పిల్లవాడు ఆమె దోసిట్లో మొహం పెట్టి తాగుతున్నాడు. తాగడం ఆపి, "పానీ" అని నవ్వి, మళ్లీ తాగుతున్నాడు.

వెంకాయమ్మ ఆమెను కొట్టలేదు. ఎదురుగా కూర్చుని, కొడుకు చెప్పినదంతా తన మాటల్లో చెప్పింది.

"జాలి చూపించాననుకుంటన్నావు గదా. వాడి గొంతెండబెడుతుంది నేను కాదే, నువ్వు. నువ్వు దొంగచాటుగా పొయ్యకపోతే ఈపాటికి వాడు మాట మార్చుకుని కడుపునిండా తాగేవాడు. నీ పుణ్యాన ఇంకో నెల ఏడుస్తాడు."

పాలిచ్చి పెంచిన బిడ్డకు తన దోసెడు నీళ్లే ఇంత చేటు చేశాయంటే జీనత్ నమ్మింది. మాస్టరుగారి పుస్తకంలో ఉందంటే నమ్మకుండా ఎట్లా?

ఆమెను మాచర్ల పంపించేశారు. రెండు రోజులు మస్తాన్‌రావు మెతుకు ముట్టలేదు. మూడో రోజు ఒళ్లు పెనంలా కాలింది, కళ్లు పైకి తేలేశాడు. బండి కట్టి జీనత్‌ను వెనక్కి తీసుకురాక తప్పలేదు. అయితే వెంకాయమ్మ ఊరికే రానివ్వలేదు. గడపలోనే నిలబెట్టి షరతు పెట్టింది. పాలివ్వు, స్నానం చేయించు, పక్కలో పడుకోబెట్టుకో, కానీ నోరు తెరవొద్దు. నీ భాష వద్దు, మా భాషా వద్దు, జోల కూడా వద్దు. వాడి చెవిన నీ మాట ఒక్కటి పడిందంటే ఆ పూటే బండెక్కిస్తా. ఈసారి వాడు చచ్చినా నిన్ను పిలవను.

జీనత్ తల ఊపింది. ఆ ఊపడం మొదలు ఆమె ఆ ఇంట్లో మూగదైంది.

పిల్లవాడికి ఇది అర్థం కాలేదు. ఆమె ఒళ్లో కూర్చుని "అమ్మీ" అనేవాడు. ఆమె కళ్లతో పలికేది, నోటితో పలికేది కాదు. వాడు ఆమె పెదవులు పట్టుకుని విడదీసి లోపలికి చూసేవాడు, అక్కడేదో పోయినట్టు వేలు పెట్టి వెతికేవాడు. వాడు తూలి పడబోయినప్పుడూ, కుక్క వెంటబడినప్పుడూ ఆమె నోటిదాకా కేక వచ్చేది. వచ్చిన ప్రతిసారీ అరచేత్తో నోరు గట్టిగా మూసుకునేది. రోజుకి ఎన్నిసార్లో. కొన్నాళ్లకు ఆ చెయ్యి అలవాటుగా అక్కడే ఉండిపోయింది. ఒక్క చేత్తోనే పనులన్నీ చేసుకునేది. ఇంటికి వచ్చిన చుట్టాలు, ఈ మనిషికి పంటినొప్పి కాబోలు అనుకునేవాళ్లు.

వెంకాయమ్మ మాత్రం ఇంకా గట్టిగా పట్టింది. కొడుకు విద్యకు తన విద్య కూడా చేర్చింది. వస కొమ్ము సానమీద అరగదీసి, పొద్దున్నే వాడి నాలుక మీద రాసేది. వాడు నోరు తెరవకపోతే తొడ మీద గిల్లేది. ఏడవడానికి నోరు తెరుస్తాడు కదా, అప్పుడు రాసేది. వస ఘాటుకు నాలుక పొక్కింది. పొక్కితే మంచిదే, పనిచేస్తోందనుకుంది. "ఒరేయ్ మొండి సచ్చినోడా, నీ కోసమేరా ఇదంతా, నిన్నెవరికో ఇయ్యలేక" అనేది. ఆ మాటలంటూ ఒక్కోసారి తనూ ఏడ్చేది.

జూన్ ఆఖర్లో బడి తెరవబోయే ముందు ఒక రోజు, గ్లాసు పట్టుకుని కూర్చున్న ఆమె ముందుకు పిల్లవాడు వచ్చి నిలబడ్డాడు. పెదవులు ఎండి చీలి ఉన్నాయి. గ్లాసు వంక చూశాడు. ఏదో అనబోయి, కుడి అరచెయ్యి తీసి తన నోటిమీద పెట్టుకున్నాడు.

ఆ రోజు "పానీ" కింద ఒక్క గీత కూడా పడలేదు. మర్నాడూ లేదు. వారమంతా లేదు. గోపాలకృష్ణయ్య ఆనందానికి హద్దు లేదు. పాత అలవాటు పూర్తిగా చెరిగిపోయిందనీ, ఇప్పుడు తుడిచిన పలకలా ఉన్నాడనీ, ఇక మనం ఏం రాస్తే అదేననీ తల్లికి చెప్పాడు. చెప్పి, నిశ్చింతగా మాచర్ల వెళ్లి బడిలో చేరాడు. సెలవు రోజుల్లో వచ్చి నోటుబుక్కు చూసుకునేవాడు.

పలక మీద మాత్రం ఏమీ పడలేదు. వానలు వచ్చాయి, జొన్న మోకాలెత్తు పెరిగింది, వినాయకచవితి వెళ్లింది. వాడు నీళ్లు అనడు, పానీ అనడు, అమ్మీ అనడు. దెబ్బ తగిలినా గొంతులోనే ఏడుస్తాడు. దాహం వేస్తే గ్లాసు దగ్గరకు వచ్చి, నోటిమీద చెయ్యి పెట్టుకుని నిలబడతాడు. ఎంతసేపైనా నిలబడతాడు. చివరికి ఆమె చేతులే నొప్పి పుట్టి నీళ్లిచ్చేది. ఇది బెట్టు, దసరా నాటికి తనంతట తనే దిగివస్తాడని ఆమె అనుకుంది. కోడెలు దిగివచ్చాయి కదా.

విజయదశమి నాడు పుల్లారావు కొత్త బట్టలు, వెండి పలక పట్టుకుని వచ్చాడు. పళ్లెంలో బియ్యం పరిచి, పిల్లవాణ్ణి తండ్రి ఒళ్లో కూర్చోబెట్టారు. పంతులు వాడి వేలు పట్టుకుని బియ్యంలో మొదటి అక్షరం దిద్దించాడు. చెయ్యి చక్కగానే తిరిగింది. "ఓం నమః" అనమన్నాడు పంతులు. మస్తాన్‌రావు ఎడమ చెయ్యి తీసి నోటిమీద పెట్టుకున్నాడు.

పంతులు మళ్లీ అన్నాడు. గోపాలకృష్ణయ్య చెవిలో అన్నాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ముద్దుచేస్తూ అన్నారు. వెంకాయమ్మ నవ్వు మొహంతో వంగి ఆ చెయ్యి లాగింది. వాడు మళ్లీ పెట్టుకున్నాడు. ఇంకోసారి లాగింది, ఇంకోసారి పెట్టుకున్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వుకి ఆమె ఒళ్లు మండి, అలవాటైన చోట, తొడ మీద గట్టిగా గిల్లింది. వాడు కదల్లేదు. నోటిమీది చెయ్యి మాత్రం ఇంకా బిగిసింది. కన్నీళ్లు ఆ వేళ్ల మీదుగా బియ్యంలోకి కారాయి.

పుల్లారావు పిల్లవాడి చొక్కా ఎత్తి చూశాడు. తొడ మీద పాత మచ్చలున్నాయి, వాటిమీద కొత్తవి. తల తిప్పితే, పెరటి గడప అవతల జీనత్ నిలబడి ఉంది. ఆమె చెయ్యి కూడా నోటిమీదే ఉంది.

"ఏమ్మా, నీ నోటికేమైంది?" అని అడిగాడు.

జీనత్ చెయ్యి తియ్యలేదు. ఆయనకు జవాబు చెప్పడానికి సెలవు ఉందా అన్నట్టు వెంకాయమ్మ వంక చూసింది. ఇంట్లో అందరూ వెంకాయమ్మ వంకే చూశారు.

గోపాలకృష్ణయ్య కల్పించుకుని, ఇంకో రెండు నెలలు గడువిస్తే చాలనీ, పుస్తకం ప్రకారం ఇది చివరి మెట్టనీ చెప్పబోయాడు. పుల్లారావు అల్లుడి మొహం కూడా చూడలేదు.

"మాట ఇచ్చావు గదా చెల్లెమ్మా. తీసుకుపోతన్నా. ఆ అమ్మాయిని కూడా."

"దాన్నెందుకన్నయ్యా? దాని వల్లే గదా వాడిట్టా తయారయ్యింది" అంది వెంకాయమ్మ.

ఆ మధ్యాహ్నమే పుల్లారావు బండి కట్టించాడు. బండి కదిలేటప్పుడు పిల్లవాడు వెనక్కి తిరిగి చూస్తాడనీ, ఒక్కసారైనా నాయనమ్మా అని ఏడుస్తాడనీ ఆమె వీధి మొగదాకా నడిచింది. వాడు జీనత్ భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయాడు.

నెల తిరక్కుండా పుల్లారావు దగ్గర్నుంచి కార్డు వచ్చింది. మస్తాన్‌రావు కులాసా అనీ, గలగలా మాట్లాడుతున్నాడనీ, ఆ మాటల ధాటికి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదనీ రాశాడు. ఏ భాషలోనో రాయలేదు. కొడుకు చేత ఆ కార్డు నాలుగుసార్లు చదివించుకుంది వెంకాయమ్మ. అదంతా ఎవరి కష్టమని అడిగింది. వేసవి అంతా విత్తనం వేసింది తను, మొలక అక్కడ వచ్చింది. గోపాలకృష్ణయ్య కూడా అవునన్నాడు.

మిరప మొదటి కోత అయ్యాక నువ్వుండలు చేయించుకుని, పెట్రోలు కరువుకి బొగ్గు మీద నడుస్తున్న బస్సులో నరసరావుపేట బయలుదేరింది. దారి పొడుగునా డ్రైవరు దిగి కొలిమి ఎగదోసుకుంటుంటే, ఆమె వాడు ఏమని పిలుస్తాడోనని ఆలోచించుకుంటూ కూర్చుంది. నాయనమ్మా అంటాడా, మామ్మా అంటాడా? ఏదన్నా సరే అనుకుంది.

పుల్లారావు ఇంటి సందులోకి తిరగగానే వాడి గొంతు వినిపించింది. మాట మీద మాట, ఊపిరి తీసుకోకుండా. ఆమె గబగబా నడిచి పెరటి తలుపు తోసింది. మస్తాన్‌రావు వేపచెట్టు కింద కూర్చుని, మొలతాడుతో కట్టేసిన కుక్కపిల్లతో ఏదో చెబుతున్నాడు. చెంపలు నిండాయి. తలుపు చప్పుడుకి తలెత్తి ఆమెను చూశాడు.

సగంలో ఉన్న మాట ఆగిపోయింది. చెయ్యి లేచి నోటిమీద పడింది.

వెంకాయమ్మ కూలబడినట్టు వాడి ముందు కూర్చుంది. మూట విప్పి నువ్వుండ చూపించింది. వాడు రెండో చెయ్యి చాపి నువ్వుండ తీసుకున్నాడు. తినలేదు. పట్టుకుని నిలబడ్డాడు. ఆమె బతిమాలింది. ఏ మాటైనా సరేనంది. చివరికి చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "పానీ కావాలా నాన్నా?" అని కూడా అడిగింది. వాడి కళ్లు ఆమె చేతుల వైపే చూస్తున్నాయి, గిల్లడానికి ఎప్పుడు లేస్తాయోనని.

జీనత్ వంటింట్లోంచి వచ్చింది. ఇప్పుడు ఆమె చెయ్యి నోటిమీద లేదు. వెంకాయమ్మతో ఆమె మాట్లాడి ఏడు నెలలు దాటింది.

"మీరు అటు పోండి పెద్దమ్మగారూ. పోతే మాట్లాడతాడు."

కోపంగా అనలేదు. పొయ్యి మీద పాలున్నాయి, పొంగుతాయని చెప్పినట్టు చెప్పింది.

వెంకాయమ్మ లేచింది. తలుపు దాటి, వీధిలో గోడకు ఆనుకుని నిలబడింది. తర్వాత గ్లాసు చప్పుడైంది, కుక్కపిల్ల కుయ్యిమంది. ఆపైన వాడి గొంతు లేచింది.

"నీళ్లు అను. అంటేనే ఇస్తా. అనవా? ఒరేయ్ మొండి సచ్చినోడా, నీ కోసమేరా ఇదంతా."

నీళ్లు నేలమీద పడిన చప్పుడు వినిపించింది. కుక్కపిల్ల మళ్లీ కుయ్యిమంది. "నక్కో బేటా, నక్కో" అని జీనత్ వారిస్తోంది.

"ఏమే, నువ్వు నోరు మూసుకో" అన్నాడు మస్తాన్‌రావు.

వాడి తెలుగులో ఒక్క తప్పు లేదు. ఏ మాట ఎక్కడ నొక్కాలో అక్కడే నొక్కాడు. లోపల జీనత్ గొంతు ఆగిపోయింది. వాడు మళ్లీ గ్లాసు ముంచుకోవడానికి కుండ దగ్గరకు నడిచిన అడుగుల చప్పుడు గోడ ఇవతలికి వినిపించింది.